ఆరో పిస్టన్

పోయిన వారం మన బండిని కొండదారిలో మూడో మలుపు దగ్గర, తెల్లటి పొగ చిమ్ముతుండగా వదిలేసి వచ్చాం. మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పైఊరికి ఉన్నది ఆ ఒక్క బస్సే. దాన్ని నడిపేది డ్రైవరమ్మ, టికెట్లు కొట్టేది ఆమె మొగుడు కండక్టరు. ఇంజను హెడ్డు పగిలింది. సోమవారం రూటు అధికారి వచ్చి, బస్సు నిండా జనాన్ని ఎక్కించి, ఎక్కడా ఆగకుండా కొండమీదికి వెళ్ళి రమ్మంటాడు. వెళ్ళొస్తే రూటు ఉంటుంది. లేదంటే రద్దు. ఆ తర్వాత పైఊరి బాలింతలకీ ముసలివాళ్ళకీ వాళ్ళ కాళ్ళే దిక్కు. మేస్త్రి ఎక్కడెక్కడో తిరిగి కొత్త హెడ్డు పట్టుకొస్తే, డ్రైవరమ్మ తండ్రి దాన్ని ఒక్క చూపు చూసి, "ఇది నా ఇంజను మీద కూర్చోవడానికి వీల్లేదు" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన పిసినారితనం లోకానికంతా తెలిసిందే కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కూతురు మాత్రం పళ్ళు కొరుక్కుంది.

మర్నాడు పొద్దున షెడ్డులో బల్ల మీద రెండు హెడ్లూ పక్కపక్కనే ఉన్నాయి. పాతది మసిబట్టి, అంచులు చెక్కుకుపోయి, ముసలి ఎద్దు మొహంలా ఉంది. కొత్తది నిగనిగలాడుతోంది. రేకుల కప్పులోని మేకు కన్నాల్లోంచి ఎండ సన్నగా దిగి దాని మీదే పడుతోంది. కండక్టరు దాన్ని ముట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముట్టుకుంటే కొన్నట్టే అని భయం కాబోలు.

"పాతదానికి అతుకు వేయిస్తే పోదా మేస్త్రీ?" అన్నాడు.

"వేస్తా బాబూ. నాకేం, పని దొరుకుతుంది," అన్నాడు మేస్త్రి. "కానీ ఇలా చూడు." పాత హెడ్డును పక్కకి ఒరిగించి, మందం చూపించాడు. "కింద పరిచే గ్యాస్కెట్ పొర పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు దీన్ని మోసుకెళ్ళి అడుగు చెక్కించారు. మీ మామ చెక్కించాడు, మధ్యలో నువ్వోసారి చెక్కించావ్, నేను రెండుసార్లు చెక్కించా. ఎవరికి వాళ్ళు తామే మొదటివాళ్ళమనుకున్నారు. సబ్బుబిళ్ళలా అరిగిపోయింది. అతుకు నిలిచినా, ఆ పలచటి ఇనుము కొండ వేడికి మళ్ళీ పగులుతుంది."

"పాత సామాన్ల సంతలో ఇలాంటిదే ఇంకోటి?"

"దొరుకుతుంది. ఎవరో వదిలించుకున్నదాన్ని మనం తగిలించుకుంటాం. దాన్నెన్నిసార్లు చెక్కారో దానికే తెలియాలి."

ఇక మిగిలింది కొత్తదే. ఇంజనుకు హెడ్డంటే మూత. లోపల ఆరు గదులు, ఒక్కో గదిలో ఒక్కో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటుంది. గాలి లోపలికి రావడానికో తలుపు, పొగ బయటికి పోవడానికో తలుపు. వాటినే వాల్వులంటారు. అవి ఆ మూతలోనే ఉంటాయి. ఈ కొత్త హెడ్డు అదే కంపెనీ తయారుచేసిన పెద్ద బస్సుది. దీని తలుపులు పెద్దవి. తలుపు పెద్దదైతే గాలి ఎక్కువ, గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ హెడ్డొక్కటి కొంటే అయిపోదు. దాని గ్యాస్కెట్ వేరు, బోల్టులు పొడుగువి, పొగగొట్టం మూతి పెంచాలి. నీళ్ళు పారే కన్నాల్లో రెండు కలవవు, వాటికో ఉపాయం చెయ్యాలి. మేస్త్రి ఒక్కొక్కటీ చెబుతుంటే కండక్టరు మొహం ఒక్కో మెట్టూ దిగింది.

"అంటే ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడొద్దంటావ్."

"ఏనుగు నాది కాదు బాబూ, మీదే. ఇంకోమాట కూడా ముందే చెబుతున్నా. బోల్టులు బిగించనంతవరకూ కొట్టువాడు దీన్ని వెనక్కి తీసుకుంటాడు. ఒక్కసారి బిగించి, మచ్చ పడిందంటే, ఇక మీదే."

కండక్టరు పెళ్ళాం వైపు చూశాడు. ఇంటికి ఇంకో గది వేసుకుందామని ఇద్దరూ కడుపు కట్టుకుని దాచిన సొమ్ము మొత్తం ఆ బల్ల మీద కూర్చుని ఉంది.

"గదిదేముందిలే," అన్నాడు చివరికి. "ఇంకో వానాకాలం మీ అమ్మానాన్నల గురకలు విందాం. రూటు పోతే ఆ గదిలో కూర్చుని చేసేదేంటి?"

ఆ మాటకు డ్రైవరమ్మకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేం. బస్సులో ఆయన ఈల వేస్తే ఆమె కదలాలి, ఇంట్లో ఆమె కన్నెర్రజేస్తే ఆయన కదలాలి. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు గానీ, ఇలాంటి మాట మాత్రం ఎప్పుడో గానీ రాదు.

అప్పుడు మేస్త్రి ఆమెను పిలిచాడు. "రా డ్రైవరమ్మా. ఇన్నేళ్ళు నడిపావ్, ఎప్పుడైనా లోపల చూశావా?"

చూడలేదు. హెడ్డు విప్పిన ప్రతిసారీ ఆమె ఎక్కడో పనిలో ఉండేది, విప్పడం మగవాళ్ళ గొడవ అయ్యేది. బానెట్ మీదికి వంగి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది. నల్లటి ఇనుములో వరసగా ఆరు గుండ్రటి బావులు. గోడలు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళుగా ప్రతి క్షణం రుద్దుకుని రుద్దుకుని వచ్చిన మెరుపు అది. మేస్త్రి పొడుగాటి కడ్డీతో ఇంజనును చేత్తో తిప్పాడు. రెండు పిస్టన్లు పైకి లేచాయి, రెండు దిగాయి, రెండు మధ్యలో ఆగాయి. చప్పుడు లేదు. ఊపిరి తీస్తున్నట్టు నూనె తడి మాత్రం చిన్నగా చిటపటలాడింది. తన పాదాల కింద, తన సీటుకు జానెడు దూరంలో, ఇన్నేళ్ళూ ఇదా జరుగుతోంది? ఎన్ని మాటలన్నది దీన్ని! మొరాయించిన రోజున తన్నింది కూడా. సిగ్గూ, భయం, భక్తీ ఒక్కసారే కలిసొస్తే ఎలా ఉంటుందో డ్రైవరమ్మకు అలా ఉంది.

"దీన్ని నేను నడపడమేంటి," అంది నెమ్మదిగా. "ఇదే నన్ను మోస్తోంది."

మేస్త్రి నవ్వి, అసలు పరీక్షకు దిగాడు. బోల్టు కన్నాలు కలిస్తే చాలదు. తలుపులు పెద్దవి కదా, తెరుచుకుని కిందికి దిగినప్పుడు పైకొచ్చే పిస్టన్‌కు తగలకూడదు. తగిలితే రెండూ పోతాయి. అది ముందే తెలుసుకోవడానికి పాతకాలం నుంచీ ఒకటే పద్ధతి. పిల్లలు బొమ్మలు చేసుకునే మైనం తెచ్చి పిస్టన్ నెత్తిన అద్దుతారు. హెడ్డును వదులుగా కూర్చోబెట్టి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ హెడ్డు తీసి, మైనంలో పడిన అచ్చును చూస్తారు. అచ్చు కింద మైనం మందంగా మిగిలితే క్షేమం.

మైనం అంటుకోవాలంటే మసి పోవాలి. మేస్త్రి మొదటి పిస్టన్ నెత్తిన పేరుకున్న మసిని గీకాడు. గీకేకొద్దీ కింద నుంచి అర్ధచంద్రాకారంలో రెండు గుంటలు బయటపడ్డాయి. "ఓహో, కంపెనీ వాడే ఇలా పోసి ఇచ్చాడన్నమాట," అని సంబరపడి, మైనం అద్ది, హెడ్డు పెట్టి, తిప్పి, తీశాడు. రెండు వాల్వులూ సరిగ్గా ఆ రెండు చంద్రవంకల్లోకే దిగి అచ్చు వేశాయి. బ్లేడుతో కోసి చూపిస్తే, కింద మైనం చిటికెన వేలు గోరంత మందం ఉంది.

"అయిపోయింది! బోల్టులు బిగించేద్దాం," అన్నాడు మేస్త్రి. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు."

ఆయనకు మెతుకు మేస్త్రి అని పేరొచ్చింది ఈ సామెతతోనే. నిజానికి ఆయన చేతిలో ఇన్నాళ్ళూ ఏ అన్నమూ పలుకుగా మిగల్లేదు. కండక్టరు పొడుగు బోల్టు అందించాడు. మేస్త్రి దాన్ని నూనెలో ముంచాడు.

"ఎన్ని చూశావ్ మేస్త్రీ?"

గుమ్మంలో ముసలాయన. పొద్దెక్కేదాకా ఎక్కడ తిరిగాడో, కాళ్ళకు దుమ్ము.

"ఒకటి చూశానన్నా. మెతుకు..."

"ఇది అన్నం కాదు. కుండలో కలిసి ఉడకలేదు అవి. ఒక్కో గింజనీ ఒక్కో పూట విడిగా వండారు."

డ్రైవరమ్మ ఇక ఆపుకోలేకపోయింది.

"మళ్ళీ అడ్డం పడ్డానికొచ్చావా నాన్నా? నేను సీటెక్కిన దగ్గర్నుంచీ అడుగుతున్నా, మంచి హెడ్డు వేద్దామని. ఉన్నదాంతో సరిపెట్టుకోమన్నావ్. బలం చాలక సగం బండితోనే వెళ్ళి, మిగతా సగం మందినీ రోడ్డుమీద నిలబెట్టి వచ్చా. వాళ్ళ మొహాలు చూసింది నేను, నువ్వు కాదు. ఈ సొమ్ము నీది కాదు, మాది. ఇంకేంటి నీ బాధ?"

కండక్టరు బోల్టు పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. తండ్రీ కూతుళ్ళ మధ్య దూరితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

ముసలాయనకు కోపం రాలేదు. వస్తుందని అందరూ ఎదురుచూశారు గానీ రాలేదు. గీకుడు రేకు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"తిట్లు ఎక్కడికీ పోవమ్మా, ఇక్కడే ఉంటాయి. ముందు మిగతావి గీకు. నువ్వే గీకు."

ఆ గొంతులో ఏముందో గానీ ఆమె రేకును పిడికిట బిగించింది. బానెట్ మీదికెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండో పిస్టన్ మసి గీకింది. చంద్రవంకలు రెండూ కనిపించాయి. గుడ్డతో తుడిచి వేలు పెట్టి చూసింది. వేలికి ఏదో తెలిసింది. కళ్ళకు కనిపించనంత సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు వాలి, అడుగు దాకా దిగుతున్నాయి. యంత్రం పోసిన గుంటకు అలాంటి గీతలుండవు. ఇది ఎవరో కూర్చుని, చేత్తో, కొంచెం కొంచెంగా చెక్కింది.

"మేస్త్రీ, ఇది కంపెనీ పని కాదు. నువ్వూ చూడు."

మేస్త్రి వేలు పెట్టాడు. నోరు తెరిచాడు గానీ, అందులోంచి ఏ సామెతా రాలేదు.

మూడోది గీకింది. అవే గీతలు, అదే వాలు. నాలుగోది. ఆమె చెయ్యి ఇప్పుడు నెమ్మదించింది. దేవుడి పటం మీద దుమ్ము తుడిచినట్టు తుడుస్తోంది. ఐదోది. మేస్త్రి కొలత పుల్ల తెచ్చి ఒక్కో గుంటలోనూ దింపి చూశాడు. మళ్ళీ చూశాడు. కొలత పుల్లలోనే తప్పుందేమోనని ఇంకోటి తెచ్చి చూశాడు. అన్నిటిలోనూ లోతు ఒకటే.

"చేత్తో..." అన్నాడు గుసగుసగా. "వెంట్రుకవాసి తేడా లేదు. నా చేతులు తాకట్టుపెట్టినా నావల్ల కాదిది. ఈ హెడ్డు కోసమే కోశారు. ఈ వాల్వుల కోసమే. ఇన్నేళ్ళ కింద!"

ఇన్నాళ్ళూ తాము బీదదనుకున్న ఇంజను, గొప్ప సంబంధం వస్తుందని తెలిసి, ఎప్పటినుంచో ముస్తాబై కూర్చుందన్నమాట. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు కొండెక్కింది. డ్రైవరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు. అంత నిఖార్సైన పనిని దగ్గర నుంచి చూస్తే కొందరికి అలాగే అవుతుంది.

"ఆరోది కూడా గీకు," అన్నాడు తండ్రి.

గీకింది. గుంట లేదు. నున్నటి చదును. గుడ్డను కిరసనాయిల్లో ముంచి గట్టిగా రుద్దితే, అప్పుడు కనిపించింది. సూదిమొనతో లోతుగా గీసిన రెండు చంద్రవంకల గీతలు. ఎక్కడ కొయ్యాలో గుర్తు మాత్రం పెట్టి, కొయ్యకుండా వదిలేశారు.

మేస్త్రి మైనం తీసుకుని ఆరోదాని మీద అద్దాడు. హెడ్డు కూర్చోబెట్టి, కడ్డీని వేళ్ళతో, బహు జాగ్రత్తగా తిప్పాడు. సగంలో ఏదో గట్టిగా తగిలి ఆగింది. హెడ్డు తీసి చూస్తే వాల్వు మైనాన్ని చీల్చుకుని ఇనుము దాకా దిగిపోయింది.

ఆయన మెల్లగా వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. నుదుటి చెమటను మసిచేత్తోనే తుడుచుకున్నాడు. "బోల్టులు బిగించి తాళం తిప్పి ఉంటే, మొదటి చుట్టులోనే వాల్వు విరిగి పిస్టన్‌లో దిగేది. హెడ్డు పోయేది, ఇంజను పోయేది. ఒక్క మెతుకు! ఇక ఈ జన్మలో ఆ సామెత ఎత్తితే నా నోరు పడిపోవాలి."

"నోరు పడిపోతే ఎలా, మెతుకులు తినేదెలా?" అన్నాడు కండక్టరు. నవ్వించాలని కాదు, వణుకు దాచుకోవడానికి అన్నాడు.

డ్రైవరమ్మకు ఇంకో సంగతి తట్టింది. ఈ బస్సు మధ్యరకం వేగంలో పోతున్నప్పుడు స్టీరింగ్‌లో ఒక చిన్న వణుకు ఉంటుంది. చంటిపిల్లగా బానెట్ మీద పడుకున్నప్పటినుంచీ అది ఆమెకు తెలుసు. బండి నడకే అంత అనుకుంది. కొత్త డ్రైవర్లు భయపడితే, అది దాని గుండె చప్పుడు లెండి అని సర్దిచెప్పేది.

"నాన్నా, ఐదింట్లో లోహం తీసేశారు, ఆరోదాంట్లో తియ్యలేదు. అంటే ఆరోది బరువెక్కువ. ఆ వణుకు..."

"అదే," అన్నాడు తండ్రి. "ఐదుగురు తేలిగ్గా నడుస్తుంటే ఒకడు మూట మోస్తున్నాడు."

ఆమె తండ్రి కాళ్ళ దగ్గర కింద కూర్చుండిపోయింది. పిసినారి, మొండి, చాదస్తం. ఎన్ని పేర్లు పెట్టింది ఈ మనిషికి! "ఇంత గొప్ప పని చేసి ఒక్కమాట చెప్పలేదేంటి నాన్నా? ఎవరైనా గోరంత చేసి కొండంత చెప్పుకుంటారే. ఆరోది ఎందుకొదిలేశావ్?"

ముసలాయన ఆమె వైపు వింతగా చూశాడు.

"నేనా? నాకు కొబ్బరికాయ తిన్నగా కొట్టడం రాదు. ఇది మీ అమ్మ చేసింది."

కండక్టరు చేతిలోని బోల్టు జారి కిందపడింది. అది దొర్లి ఆగేదాకా అందరూ దాన్నే చూశారు.

"అమ్మా?"

"మరి డిపోలో మీ అమ్మ ఏం చేసేదనుకున్నావ్?"

పెళ్ళికి ముందు అమ్మ బస్సు డిపోలో పనిచేసిందని డ్రైవరమ్మకు తెలుసు. టికెట్ల కిటికీ వెనక కూర్చుని ఉంటుందనుకుంది. ఆడమనిషి డిపోలో ఇంకేం చేస్తుంది అని, తాను ఆడదై, బస్సు తోలుతూ కూడా, ఒక్కసారి అడగలేదు. ఎవరూ కాదనలేదు, ఆమె అనుకుంటూనే ఉండిపోయింది.

"ఫిట్టరు," అన్నాడు తండ్రి. "ఆ డిపోలో అంత చెయ్యి ఇంకోటి లేదు. పెద్ద బస్సుల ఈ హెడ్డు అక్కడ చూసి, అట్టముక్క మీద అచ్చు తీసుకొచ్చింది. మన ఇంజనుకు కూడా ఇది పడుతుంది, ముందు పిస్టన్లు సిద్ధం చేద్దాం, హెడ్డు తర్వాత కొందాం అంది. నేను పిస్టన్‌ను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకునేవాణ్ణి, ఆవిడ కోసేది. కోసిన పొడి ఒక్క రవ్వ కింద పడనిచ్చేది కాదు. కాగితంలో పోగేసి తూచేది. ఐదింటి పొడీ ఐదు పొట్లాలు, అన్నీ ఒక్క బరువు. ఆరోదానికి గీతలు గీసింది, ఈలోపు నువ్వు కడుపులో తొందరపడ్డావ్. తర్వాత పాలూ నీళ్ళూ కావాలిగా, పాత హెడ్డే బిగించి బండి రోడ్డెక్కించాం. నేను వద్దన్నది హెడ్డును కాదమ్మా. మీ అమ్మను అడక్కుండా పెట్టొద్దన్నాను."

"ఆ మాట నిన్ననే చెప్పొచ్చుగా!"

"ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకుంది. ఎందుకని అడిగితే ఆవిడ చూసే చూపు నీకు తెలుసు. రాత్రంతా ఆలోచించాను. ఒట్టు తప్పితే నా ఒక్కడికే పాపం, బండి పోతే పైఊరందరికీ కష్టం."

ఇక ఆలోచించేదేముంది. మేస్త్రి బండి కిందికి దూరి, బోల్టులు విప్పి, ఆరో పిస్టన్‌ను పైకి తోశాడు. డ్రైవరమ్మ దాన్ని శుభ్రంగా తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి బయల్దేరింది. దారిలో పలకరించినవాళ్ళెవరూ ఆమె కంటికి ఆనలేదు. ఇన్నేళ్ళూ ప్రతి రోజూ అమ్మ చేతిపని మీదే కొండెక్కి వచ్చింది. ఇంటికొచ్చి ఆ చేతులే వడ్డిస్తే తిని, ఉప్పెక్కువైందని విసుక్కుంది.

ఇంటి వెనక గదిలో తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. చుట్టూ బస్సు సీట్ల తొడుగులు, చిరిగినవి ఒక కుప్ప, కుట్టినవి ఒక కుప్ప. కూతురు వచ్చి ఎదురుగా చాప మీద కూలబడి, మూట విప్పి, పిస్టన్‌ను ఆమె ముందు పెట్టింది.

మిషను ఆగింది. తల్లి కళ్ళజోడు తియ్యలేదు, వంగి చూడనూ లేదు. పిస్టన్‌ను ఒళ్ళోకి తీసుకుని నెత్తిమీద బొటనవేలు ఆనించింది. ఆ వేలు చంద్రవంక గీత వెంట ఒకసారి మెల్లగా నడిచి వచ్చింది. ముసలి వేలు, సూదిపోట్లతో గరుకెక్కిన వేలు. గీత మీద మాత్రం తడబడలేదు.

"మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు," అంది. "అయినా మెచ్చుకోవాలి, బాగానే ఆపుకున్నాడు."

"అమ్మా, నువ్వు... అంత పని... నాకెందుకు చెప్పలేదే?" డ్రైవరమ్మ ఆ చేతులు పట్టుకుంది. పట్టుకుని కళ్ళకద్దుకుంది. తల్లి ఇబ్బందిగా చేతులు లాక్కుంది గానీ, మరీ గట్టిగా లాక్కోలేదు. "సోమవారమే పరీక్ష. ఈ ఒక్కటీ కోసిపెట్టమ్మా. నేను పుట్టబోయి నీ పని చెడగొట్టానట."

"ఎవరన్నారు? ఆయనా?" తల్లి నవ్వింది. "నువ్వు పుట్టింది మర్నాడు. గీతలు గీశాక నాకు పూటంతా తీరిక ఉంది. ఉలి కూడా పదును పెట్టుకున్నాను. కావాలనే ఆపేశాను."

డ్రైవరమ్మకు అర్థం కాలేదు.

"ఐదు కోశాక నాకు బుద్ధొచ్చింది. ఆరోదీ కోస్తే, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ హెడ్డు తెచ్చి పెట్టేస్తారు. ఇది ఇలా ఉంటే నన్ను అడక్కుండా పెట్టలేరు. ఒకవేళ తెలియక పెట్టినా, తాళం తిప్పగానే షెడ్డులోనే విరుగుతుంది. విరిగితే ఇనుము పోతుంది, మనుషులు పోరు. బండి వణుకుతుందని తెలుసు. వణికితే వణకనీ అనుకున్నాను."

"కానీ ఎందుకమ్మా? కొండెక్కదనా?"

"ఎక్కడం గురించి నాకెప్పుడూ బెంగ లేదే. నిండు బండి ఎక్కుతుంది. నువ్వు ఊహించలేనంత హాయిగా ఎక్కుతుంది." తల్లి గొంతులో ఒక్క క్షణం పాత ఫిట్టరు మెరిసి మాయమైంది. "మన బండి ఎప్పుడూ సగమే ఎక్కించుకుని వెళ్ళింది. సగం మంది వెళ్తే సగం మందే తిరిగొస్తారు. ఈ బండి నిండుగా ఆ కొండ దిగడం నేను చూడలేదు, మీ నాన్న చూడలేదు, నువ్వూ చూడలేదు. ఆ హెడ్డు పెద్ద బస్సుది. పెద్ద బస్సుకి బ్రేకులు కూడా పెద్దవే. మీరు దాని బలం ఒక్కటే తెచ్చుకున్నారు."

వాకిట్లో కండక్టరు పిలుస్తున్నాడు. మేస్త్రి కూడా వచ్చినట్టుంది, ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి. తల్లి పిస్టన్‌ను చీర ముక్క మీద నిలబెట్టి, కుట్టుమిషను సొరుగు లాగింది. దారపు ఉండల అడుగున చిన్న ఉలి ఉంది. తుప్పు లేదు. దాన్ని తీసి పిస్టన్ పక్కన పెట్టింది.

"కొయ్యమంటే పొద్దుగూకే లోపు కోసిస్తాను. కానీ నువ్వు డ్రైవరువి, నువ్వే చెప్పు. సోమవారం నిండు జనంతో పైనుంచి వస్తున్నావ్. మూడో మలుపు. బండి నీ మాట వినడం లేదు. అప్పుడేం చేస్తావ్?"

చాప మీద డ్రైవరమ్మ కుడికాలు, ఆమెకు తెలియకుండానే ముందుకు వెళ్ళి, నేలను గట్టిగా తొక్కిపట్టింది.